సందిగ్ధ వేళలో సహధర్మం

శ్రీ సీతారామచంద్ర పరబ్రహ్మణే నమః



నాలుగు దినములుగా మనము సుందరకాండను చెప్పుకుంటున్నాము. హనుమ మహేంద్రగిరి నుండి లంఘించడం మొదలు, అశోకవనంలో సీతమ్మను దర్శించడం వరకు వచ్చినాము. ఈనాడు కథను కొంచెం నిలిపి, ఆ కథలో నుండి మన ఇండ్లలోనికి ఒక దారి వేసుకొందామని తలచినాను. దానికి కారణం ఉన్నది.

నిన్న సాయంకాలం ప్రసాద వితరణ ముగిసిన తరువాత ఒక గృహస్థు నా దగ్గరకు వచ్చినాడు. నలభై, నలభై ఐదేండ్ల వయస్సు ఉంటుంది. చేతిలో ఆస్పత్రి కవరు. "అయ్యగారూ! మా ఇంట్లో ఆమెకు రొమ్ములో గడ్డ కనిపించింది. ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం రావడానికి వారం, పది రోజులు పడుతుందట. ఈలోగా సుందరకాండ ఎన్నిసార్లు పారాయణ చేయమంటారు?" అని అడిగినాడు. నేను పారాయణ విధానం చెప్పి, అక్షతలు ఇచ్చి పంపినాను.

అతడు మెట్లు దిగి వెళ్ళిపోయిన తరువాత నా మనస్సు నన్ను నిలదీసినది. "అతడు అడిగినది చెప్పినావు. అతనికి కావలసినది చెప్పినావా?" అని. కావలసినది నాకు తెలియక కాదు. అది చెప్పాలంటే ముందుగా నేను చేసిన తప్పు చెప్పుకోవాలి. అందుకు వెనుకాడినాను. ఈనాడు చెబుతాను. మా గృహిణి ఈ సభలోనే స్త్రీల వరుసలో కూర్చుని ఉన్నది. ఆమె అనుమతి తీసుకొనే చెబుతున్నాను.

నడిమి కాలపు కాండ

కష్టం వచ్చినప్పుడు పెద్దలు సుందరకాండనే పారాయణ చేయమని ఎందుకు చెప్పినారు? వాల్మీకి మహర్షి ఈ కాండను 68 సర్గలుగా రచించినాడు. ఇందులో రావణవధ లేదు. సీతారాముల సమాగమం లేదు. పట్టాభిషేకం లేదు. కాండ ముగిసేనాటికి సీతమ్మ ఇంకా లంకలోనే, చెట్టు క్రిందనే ఉన్నది. అంటే ఇది కష్టం తీరిపోయిన కథ కాదు. తీరుతుందో తీరదో తెలియని నడిమి కాలపు కథ. అందుకే నడిమి కాలంలో ఉన్నవారికి ఇది తోడు.

ఈ నడిమి కాలంలో మనస్సు రెండు పొరపాట్లు చేస్తుంది. ఆ రెండూ హనుమ అంతటివాడికే కలిగినవని మహర్షి దాచకుండా వ్రాసినాడు. అర్ధరాత్రి రావణుని అంతఃపురంలో నిద్రించుచున్న మండోదరిని చూచి హనుమ ఈమెయే సీత అనుకున్నాడు. సంతోషం పట్టలేక స్తంభాలెక్కినాడు, తోకను ముద్దు పెట్టుకున్నాడు. మరుక్షణం తమాయించుకొని, రాముని ఎడబాసిన సాధ్వి ఈ విధంగా అలంకరించుకొని నిద్రించునా అని విచారించి, ఆ నిర్ణయాన్ని వదలుకున్నాడు. ఇది మొదటి పొరపాటు. చూడవలసినది పూర్తిగా చూడకముందే సంతోషించడం.

తరువాత లంకంతా వెదకినాడు. సీత కనిపించలేదు. ఆమె మరణించి ఉంటుందనుకున్నాడు. ఇక కిష్కింధకు తిరిగి వెళ్ళను, ప్రాణాలు వదలివేస్తానన్నంత వరకు వచ్చినాడు. ఇది రెండవ పొరపాటు. చూడవలసిన చోటు ఇంకా మిగిలి ఉండగానే అంతా ముగిసినదనుకోవడం. అప్పుడు కూడా తనను తానే నిలబెట్టుకున్నాడు. బ్రతికి ఉంటేనే గదా మేలు జరిగేది అనుకున్నాడు. వెదకని వనం ఒకటి ఉన్నదే అని తల ఎత్తి చూచినాడు. ఆ వనంలోనే అమ్మ ఉన్నది.

ఇప్పుడు మన ఇండ్ల సంగతికి వద్దాము. రొమ్ము క్యాన్సర్ ఎక్కడో ఒకరికి వచ్చే వ్యాధి కాదు. మన దేశంలో స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో ఇదే అధికం. 2022వ సంవత్సరంలో ప్రపంచం మొత్తం మీద సుమారు 23 లక్షలమంది స్త్రీలకు ఇది వచ్చినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అయితే రొమ్ములో కనిపించే ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు. నీటి తిత్తులు ఉంటవి, ప్రమాదం లేని కణుతులు ఉంటవి. ఏది ఏదో పరీక్ష చేస్తే గాని తేలదు.

మామోగ్రఫీ, అల్ట్రాసౌండు నివేదికలలో బైరాడ్స్ అని ఒక అంకె వేస్తారు. అది 0 నుండి 6 వరకు ఉంటుంది. 0 అంటే చూచినది చాలలేదు, ఇంకా చిత్రాలు కావాలని మాత్రమే అర్థం. 3 అంటే బహుశః ప్రమాదం లేనిది, క్యాన్సర్ అయ్యే అవకాశం 100కి 2కు మించదు, సాధారణంగా ఆరు నెలలకు మళ్ళీ చూడాలి అని. 4 అంటే అనుమానం ఉన్నది, ముక్క తీసి పరీక్షించాలి అని. ఆ 4 అనే ఒక్క అంకెలో 100కి 2 మొదలు 95 వరకు ఉండే అవకాశాలన్నీ ఇమిడి ఉన్నవి. ఆ అంకెను చూచి "ఏమీ లేదు పొమ్మ"న్నవాడు మండోదరిని చూచి సీత అనుకున్నవాడు. "అంతా అయిపోయింది" అన్నవాడు అశోకవనం చూడకముందే ప్రాణత్యాగానికి సిద్ధపడినవాడు. ఇద్దరూ తెలియనిదానిని తెలిసినట్లు పలికినవారే.

నేను చేసిన తప్పు

నేను ఈ రెండు పొరపాట్లూ చేసినాను. మూడవది కూడా చేసినాను. అది హనుమ ఎన్నడూ చేయనిది.

2021వ సంవత్సరం కార్తీక మాసంలో మా గృహిణికి స్నానం చేసేటప్పుడు ఎడమ రొమ్ములో చింతగింజంత గట్టిదనం చేతికి తగిలినది. ఆ నెలంతా నాకు ఊరూరా ప్రవచనాలు. నా మనస్సు చెదురుతుందని ఆమె చెప్పలేదు. సంక్రాంతి వెళ్ళిన తరువాత చెప్పినది. "నొప్పి ఉందా?" అన్నాను. లేదన్నది. "నొప్పి లేదు గదా, ఏమీ కాదు. రాముడున్నాడు" అన్నాను. అమ్మలారా, ఈ మాట బాగా వినండి. ఈ వ్యాధి మొదటి దశలో గడ్డకు తరచుగా నొప్పి ఉండదు. నొప్పి లేకపోవడం ధైర్యానికి కారణం కాదు. రాముడున్నాడన్న మాట సత్యమే. కాని నేను ఆ మాటను ఆమె ధైర్యం కోసం అనలేదు. ఆస్పత్రికి వెళ్ళవలసిన నా భయాన్ని కప్పిపుచ్చుకోవడానికి అన్నాను. భగవన్నామాన్ని దుప్పటిగా కప్పుకున్నాను.

ఇంకొక మూడు వారాలు గడిచినవి. చివరకు ఆమె తన చెల్లెలిని వెంటబెట్టుకొని వెళ్ళి పరీక్ష చేయించుకున్నది. అంకె 4 వచ్చినది. సూదితో ముక్క తీసినారు. సూది గుచ్చితే వ్యాధి ఒళ్ళంతా ప్రాకుతుందని మా బంధువులొకరు భయపెట్టినారు. అది నిజం కాదు. ముక్క తీసి చూడనిదే ఏ వైద్యం చేయాలో తెలియదు. ఫలితం వచ్చే రోజున మాత్రం నేనొక్కడినే వెళ్ళినాను. క్యాన్సరే అని వ్రాసి ఉన్నది.

నేను డాక్టరు గారికి చేతులు జోడించి, "ఆమెకు చెప్పవద్దు, తట్టుకోలేదు" అన్నాను. ఆయన నా వంక చూచి, "మందులు ఆమె ఒంటిలోకి వెళ్ళాలి గదండీ, ఎన్నాళ్ళు దాస్తారు?" అన్నారు. నేను వినలేదు. ఇంటికి వచ్చి, "కొవ్వు గడ్డ, చిన్న ఆపరేషన్ అన్నారు" అని చెప్పినాను. ఆమెకు దాచినాను గాని, నా అన్నదమ్ములకు చెప్పినాను, కుమారునికి చెప్పినాను, ట్రస్టువారికి చెప్పినాను. ఆ సాయంకాలం నుండి ఇంటికి ఓదార్పు ఫోనులు మొదలైనవి. తన దేహాన్ని గురించి ఊరందరికీ తెలిసినది ఆమెకు ఒక్కదానికే తెలియదు.

రాత్రి దీపారాధన అయిన తరువాత ఆమె నా ఎదుట కూర్చున్నది. కోపం లేదు, కన్నీరు లేదు. "ఏమండీ! నలభై ఏళ్ళుగా ఊరూరా హనుమంతుడి కథ చెబుతున్నారు. ఆయన సీతమ్మ దగ్గరికి వెళ్ళి ఏమైనా దాచాడా?" అని అడిగినది.

భగవద్బంధువులారా! నేను ఎందరో పండితుల ఎదుట ప్రసంగించినాను. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయినది.

సత్యాన్ని మోసుకొని వెళ్ళే విధం

హనుమ ఏమి చేసినాడో ఆ రాత్రి మళ్ళీ తెరచి చదువుకున్నాను. అంతకు ముందు ఎన్నోమార్లు చెప్పిన ఘట్టమే. ఆనాడు క్రొత్తగా కనిపించినది.

హనుమ శింశుపా వృక్షం మీద కూర్చుని, ఎట్లా మాట్లాడితే ఈ తల్లి బెదరిపోదు, ఏ భాషలో మాట్లాడాలి అని ఆలోచించినాడు. ఒక్కసారిగా ఎదుటకు దూకలేదు. ఆమెకు తెలిసిన రామకథతో మొదలుపెట్టి, మెల్లగా తెలియని వార్తలోనికి తీసుకువచ్చినాడు. ఆమె అనుమానించినది, పరీక్షించినది. విసుగుకొనక అడిగినదానికల్లా బదులు చెప్పినాడు. తరువాత ఉంగరం ఇచ్చినాడు. రాముడు సుఖంగా ఉన్నాడని ఆమె సంతోషం కోసం కల్పించి చెప్పలేదు. నీ కోసం నిద్రాహారాలు మాని దుఃఖిస్తున్నాడని ఉన్నదున్నట్లు చెప్పినాడు. ఆ మాట ఆమెకు ఒక్కసారే ఆనందాన్నీ వేదననూ కలిగించినది. అయినా చెప్పినాడు.

చూడండి, హనుమ సత్యాన్ని దాచలేదు. దానిని ఆమె మీద విసరివేయనూ లేదు. రెండు చేతులతో పట్టి తెచ్చి అందించినాడు. వార్త చెప్పిన తరువాత వెంటనే వెళ్ళిపోలేదు కూడా. ఆమె మాటలన్నీ పూర్తి అయ్యేవరకు అక్కడే నిలిచినాడు.

మరునాడు ఉదయం నివేదిక కాగితాలు ఆమె చేతిలో పెట్టినాను. "నాకు భయం వేసి దాచినాను. నువ్వు తట్టుకోలేవని కాదు, నేను తట్టుకోలేక" అన్నాను. అప్పుడు ఆమె కంట నీరు వచ్చినది. "ఆ మాట నిన్ననే అని ఉంటే ఇద్దరం కలిసే భయపడి ఉండేవాళ్ళం గదండీ" అన్నది.

పది దినముల నిరీక్షణ

వ్యాధి ఉన్నదని తెలిసినంత మాత్రాన సందిగ్ధం తీరలేదు. ఈ వ్యాధిలో ఒక రకం కాదు. తీసిన ముక్కలో హార్మోనులకు స్పందించే గుణం ఉన్నదా, హెర్-టూ అనే మాంసకృత్తు ఎక్కువగా ఉన్నదా అని చూస్తారు. హెర్-టూకు 0, 1, 2, 3 అని అంకెలు వేస్తారు. 0, 1 అయితే ఎక్కువగా లేదని, 3 అయితే ఉన్నదని లెక్క. 2 వస్తే ఉన్నదీ చెప్పలేము, లేదనీ చెప్పలేము. ఫిష్ అనే మరొక పరీక్షకు పంపుతారు. మా ఆమెకు 2 వచ్చినది. ఆ గుణం ఉంటే దానికి ప్రత్యేకమైన ఇంజెక్షన్లు సాధారణంగా సంవత్సరం పాటు ఇవ్వాలి. లేకపోతే ఆ మందుతో పని లేదు. అంటే వైద్యమే దాని మీద ఆధారపడి ఉన్నది. మళ్ళీ పది దినములు ఎదురుచూడాలి.

ఆ పది దినములు మా ఇంట్లో నేను నేర్చుకున్నంత ఏ గురుకులంలోనూ నేర్చుకోలేదు. మొదటి మూడు రోజులు నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఆత్మ నిత్యమన్నాను, దేహం అనిత్యమన్నాను. నాలుగవ రోజున ఆమె, "మీరు నాకు ప్రవచనం చెబుతున్నారు. నా పక్కన కూర్చోవడం లేదు" అన్నది. నేను నోరు మూసుకున్నాను. అప్పటినుండి సాయంకాలం అరుగు మీద ఇద్దరం కూర్చునేవాళ్ళం. ఆమె మాట్లాడితే వినేవాడిని. మాట్లాడకపోతే ఊరకుండేవాడిని. రోజుకొక సర్గ చదువుతానంటే సరే అన్నది. ఒకనాడు "ఇవాళ వద్దండీ, టీవీలో సీరియల్ చూస్తాను" అన్నది. ఆమెతోపాటు నేనూ ఆ సీరియల్ చూచినాను. కథ ఏమీ అర్థం కాలేదు. అయినా ఆమె ఆ సాయంకాలం రెండుసార్లు నవ్వినది. ఆనాటి పారాయణ అదే అనుకున్నాను.

పద్దుల పుస్తకంలో వెనుక పేజీలు తెరచి, డాక్టరును అడగవలసిన ప్రశ్నలు వ్రాసుకున్నాము. ఆమె చెప్పడం, నేను వ్రాయడం. డాక్టరు ఎదుట కూర్చున్నప్పుడు భయంలో సగం మాటలు చెవికెక్కవు. కనుక భర్త చేయదగిన మొదటి సేవ చెవులు ఇవ్వడం, రెండవ సేవ వ్రాసి పెట్టడం. నివేదికలన్నీ తేదీల వరుసలో ఒక సంచిలో ఉంచడం కూడా సేవయే.

పదవ రోజున ఫలితం వచ్చినది. ఈసారి ఇద్దరం కలిసి వెళ్ళినాము, కలిసి విన్నాము. హెర్-టూ గుణం లేదు, హార్మోను గుణం ఉన్నదని తేలినది. ముందు కీమోథెరపీ, పిదప శస్త్రచికిత్స, తరువాత రేడియేషన్, ఆ పైన కనీసం ఐదేండ్లు మాత్రలు అని డాక్టరు క్రమం చెప్పినారు.

నిర్ణయం ఎవరిది?

ఇక్కడ సుందరకాండలో ఇంకొక ఘట్టం జ్ఞాపకం చేసుకోవాలి. హనుమ సీతమ్మతో, "తల్లీ, నా వీపు మీద కూర్చో, ఈ క్షణమే రాముని దగ్గరకు చేరుస్తాను" అన్న భావంతో ప్రార్థించినాడు. శక్తి లేక కాదు. పర్వతమంత దేహం చూపించినాడు. సీతమ్మ ఒప్పుకోలేదు. తన కారణాలు చెప్పినది. అప్పుడు హనుమ ఏమి చేసినాడు? నీ మేలు నాకు తెలుసునని బలవంతంగా ఎత్తుకొని పోయినాడా? లేదు. ఆమె మాట సముచితమని అంగీకరించి, ఆమె ఇచ్చిన చూడామణిని శిరసా స్వీకరించినాడు.

రొమ్ము మొత్తం తీసివేయాలా, గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇవ్వాలా అనే ప్రశ్న వచ్చినప్పుడు, రెండు విధాలకూ అవకాశం ఉంటే ఆమె ఏది కోరుకుంటుందో అని డాక్టరు అడిగినారు. నేను నోరు తెరచినాను. ఆమె నా చేతి మీద చెయ్యి వేసినది. నేను ఆగినాను. సందేహాలు అడిగినది, రెండు రోజులు గడువు తీసుకున్నది, తానే నిర్ణయించుకున్నది. భర్త సలహా చెప్పవచ్చు, మరొక వైద్యుని అభిప్రాయం తీసుకొని రావచ్చు, డబ్బు సమకూర్చవచ్చు. వీపు మీద బలవంతంగా ఎక్కించుకొనే అధికారం మాత్రం లేదు. ఆ దేహం ఆమెది.

సేవాకాలం

చికిత్స ప్రారంభమైన తరువాత మాటల అవసరం తగ్గి, పనుల అవసరం పెరుగుతుంది. కొన్ని విషయాలు గృహస్థులకు చెప్పడం నా బాధ్యత. కీమోథెరపీ కాలంలో తెల్ల రక్తకణాలు తగ్గుతవి. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే తెల్లవారనిద్దామని ఆగకూడదు. అర్ధరాత్రి అయినా ఆస్పత్రికి తీసుకొని పోవాలి. మా ఇంట్లో థర్మామీటరు దేవుని గూటిలో కుంకుమ భరిణె పక్కన ఉండేది. వంట వాసన కూడా సహించని రోజులు ఉంటవి. ఆ రోజులలో వంటింటి బాధ్యత మగవాడు తీసుకోవాలి. నాకు చారు కాచడం అరవై ఆరేండ్ల వయస్సులో వచ్చినది.

ఏకాదశి ఉపవాసాల సంగతి అడుగుతారు. రోగపీడితులకు ధర్మశాస్త్రమే మినహాయింపు ఇచ్చినది. చికిత్సాకాలంలో ఆమె తినే పిడికెడు అన్నమే వ్రతం. మొక్కులు మొక్కండి, అభిషేకాలు చేయించండి. కాని ఆకు పసరుతో గడ్డ కరుగుతుందని ఎవరో చెబితే డాక్టరు ఇచ్చే మందు మానిపించకండి. లక్ష్మణుడు మూర్ఛపోయినప్పుడు రాముడంతటివాడు ఓషధి కోసం హనుమను ఎదురుచూచినాడు గదా! ఔషధాన్ని కాదనడం భక్తి కాదు.

ధనం లేదని ఆగిపోయేవారు కూడా ఉన్నారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకాలలో క్యాన్సర్ చికిత్సలు ఉన్నవి. ఆస్పత్రిలో అడిగి తెలుసుకోండి. 1985లో క్యాన్సర్‌తో కన్నుమూసిన తన సహధర్మచారిణి బసవతారకం గారి పేరిట నందమూరి తారక రామారావు గారు సంకల్పించిన ఆస్పత్రి 2000వ సంవత్సరంలో హైదరాబాదులో ప్రారంభమైనది. ఒక భర్త దుఃఖం ఎందరి ఇల్లాండ్రకో ఆశ్రయమైనది. దుఃఖానికి అటువంటి సద్గతి కూడా ఉన్నది.

మొదటి మందు ఎక్కించిన రెండు మూడు వారాలకు జుట్టు రాలడం మొదలైనది. రాలిపోకముందే తిరుమల వెళ్ళి తలనీలాలు సమర్పిద్దామా అని నేను అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "ఎలాగూ పోయేదాన్ని స్వామికి ఇవ్వడం మొక్కు ఎలా అవుతుందండీ? మళ్ళీ వచ్చాక, నాకు ప్రియమైనప్పుడు ఇస్తాను" అన్నది. 2024లో తిరుమల వెళ్ళి మూడు కత్తెరలు ఇచ్చి వచ్చినది. త్యాగమంటే ఏమిటో నాకు ఆనాడు తెలిసినది.

ఈ సందర్భంలో అమ్మలకు ఒక మనవి. ఆ నెలలలో కొందరు ఆమెను పేరంటానికి పిలవడం మానినారు. తలకు ముసుగు చూచి వెనుకాడినారు. ఈ వ్యాధి తాకితే అంటదు, కలిసి భోజనం చేస్తే రాదు. ఇంకొందరు "ఏ జన్మలో చేసిన పాపమో" అన్నారు. దుఃఖం పొంగినప్పుడు సీతమ్మ కూడా తనను తాను అట్లా ప్రశ్నించుకున్నది. చెట్టు మీద నుండి హనుమ విన్నాడు. కాని క్రిందకు దిగిన తరువాత ఆయన నోట ఆ మాట రాలేదు. రోగి తనను తాను అడుగుకోవచ్చునేమో గాని, పక్కవాడు అనవలసిన మాట కాదు అది. పసుపు కుంకుమలతో ఆమె గడప తొక్కండి. అదే అసలైన నోము.

భర్తలకు కూడా ఒక మాట. శస్త్రచికిత్స తరువాత కట్టు విప్పే రోజు వస్తుంది. ఆమె ముందుగా గాయాన్ని చూడదు, నీ ముఖాన్ని చూస్తుంది. ఆ క్షణంలో నీవు ముఖం తిప్పుకుంటే తరువాత ఎన్ని సేవలు చేసినా ఆ లోటు తీరదు. పెండ్లినాడు పట్టుకున్నది చేతిని గాని, రూపాన్ని కాదు.

భర్తకు కూడా దుఃఖం ఉంటుంది. శ్రీరామచంద్రుడే సీత కోసం చెట్లనూ, నదులనూ అడుగుతూ విలపించినాడు. ఏడవడం పౌరుషానికి లోపం కాదు. అయితే రామునికి లక్ష్మణుడు ఉన్నాడు. మీకు కూడా ఒక లక్ష్మణుని చూచుకోండి. అన్నదమ్ముడో, స్నేహితుడో. మీ భయమంతా ఆమె మీదనే మోపకండి. అట్లాగని ఆమె ఎదుట రాయిలాగా కూడా ఉండకండి.

ఏడడుగుల అర్థం

చికిత్స 2022 చివరకు ముగిసినది. మాత్రలు ఇంకా వేసుకుంటున్నది. ఇప్పుడు పూర్తిగా నయమైనదా అని అందరూ అడుగుతారు. దానికి నేను "నయమైపోయింది" అని కూడా అనను, "ఏమో" అని నిట్టూర్చను కూడా. ఏటేటా మామోగ్రఫీ ఉంటుంది. ఫలితం వచ్చేవరకు ఆ నాలుగు రోజులు మళ్ళీ మా ఇంట్లో సుందరకాండయే. ఇప్పుడు మాత్రం ఆ రోజులలో ఎట్లా ఉండాలో ఇద్దరికీ తెలుసును.

వివాహంలో ఏడడుగులు వేయిస్తారు. పరుగెత్తించరు. వరుడు ముందుకు ఉరికితే కొంగుముడి లాగుతుంది. వెనుకబడినా లాగుతుంది. "నాతిచరామి" అని వరుని చేత ప్రమాణం చేయిస్తారు. దానికి నిన్ను అతిక్రమించను, దాటిపోను అని అర్థం. ఇన్నేండ్లుగా దానిని పరస్త్రీ వ్యామోహానికి సంబంధించినదిగానే వ్యాఖ్యానించినాను. ఇంకొక అర్థం మా ఇంటి కష్టం నేర్పినది. ఆమె ఇంకా తెలియని స్థితిలో ఉండగా, నేను "ఏమీ లేదు" అని ముందుకు దాటిపోకూడదు. "అయిపోయింది" అని కూడా ముందుకు దాటిపోకూడదు. భయపడి వెనుకనే ఆగిపోకూడదు. ఆమె అడుగు ఎక్కడ ఉన్నదో నా అడుగు అక్కడ ఉండాలి.

నిన్న వచ్చిన ఆ గృహస్థు ఈ సభలో ఉన్నాడో లేదో నాకు తెలియదు. ఉంటే ఆయనకు నా సవరించిన జవాబు ఇది. నాయనా! పారాయణల సంఖ్య లెక్క పెట్టవద్దు. రోజుకొక సర్గ చాలు. ఆమె వింటానంటే ఆమె పక్కన కూర్చుని చదువు. వద్దంటే పుస్తకం మూసి, ఊరక కూర్చో. ఫలితం వచ్చే రోజున ఒక్కడివే వెళ్ళకు, ఆమెను ఒక్కదానినే పంపకు. కవరు ఇద్దరూ కలిసి విప్పండి. అందులో ఏమి ఉన్నా, విప్పే చేతులు నాలుగు ఉంటే బరువు సగమవుతుంది. మిగిలిన సగం మోయడానికి రాముడు ఉన్నాడు.

రేపు సాయంకాలం చూడామణి ప్రదానం చెప్పుకొందాము.

శ్రీ సీతారామచంద్రార్పణమస్తు. స్వస్తి.